ఒక్క సీన్ మీద క్రిటిక్ రాయడం ఎలా? ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ పట్టుకుని ఒక పద్ధతి

క్లాసులో తలా ఒక సీన్ పంచి "దీని మీద క్రిటిక్, అంటే విమర్శ, రాసుకు రండి" అన్నారంటే చాలామంది చేసేది ఒకటే పని. మొదటి పేరాలో రచయిత్రి పుట్టుపూర్వోత్తరాలు, రెండో పేరాలో నాటకం మొత్తం కథ, మూడో పేరాలో జాతి వివక్ష, కలలు, కుటుంబ బంధాలు, చివర్లో "అందుకే ఈ సీన్ చాలా ముఖ్యమైనది" అని ఒక వాక్యం. ఇంతా రాస్తే సీన్ ఎక్కడా కనబడదు. పైన సీన్ నంబరు మార్చేసి ఇంకో సీన్‌కి అదే కాగితం ఇచ్చినా ఎవరికీ తేడా తెలియదు. మార్కుల సంగతి పక్కన పెట్టండి, ఆ నాటకంలో అసలు బాగున్నదంతా అలా చేజారిపోతుంది, నా బాధ దాని గురించే.

సీన్‌ని విడిగా పట్టుకోవడానికి నేను ఒక ప్రశ్న అడగమంటాను: సీన్ మొదలైనప్పుడు ఎవరి చేతిలో ఏముంది, అయిపోయేసరికి ఎవరి చేతిలో ఏముంది? చేతిలో ఉండేది డబ్బు కావచ్చు, ఇంట్లో పెత్తనం కావచ్చు, ఇంకొకరికి తెలియని ఒక రహస్యం కావచ్చు. మంచి నాటకంలో ప్రతి సీన్‌లోనూ ఏదో ఒకటి చేతులు మారుతుంది. అది ఎలా మారింది, ఏ మాట దగ్గర మారింది, మనం నమ్మేలా మారిందా లేదా అన్నదే మీ క్రిటిక్. వివక్ష, కలలు, అవన్నీ దాని వెనకాలే వస్తాయి, మీరు పిలవక్కర్లేదు.

ఉదాహరణకి లొరెయిన్ హాన్స్‌బెరీ నాటకం ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ తీసుకుంటున్నాను, ఎందుకంటే ఇందులో చేతులు మారేది చాలాచోట్ల నిజంగా డబ్బే, కంటికి కనబడుతుంది, కాబట్టి మొదటిసారి రాసేవాళ్లకి అందుతుంది. 1959 మార్చి 11న న్యూయార్క్‌లోని ఎథెల్ బారీమోర్ థియేటర్‌లో మొదలైంది. నల్లజాతి మహిళ రాసిన నాటకం బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల రంగం, ఎక్కడం అదే మొదటిసారి. కథ చికాగో సౌత్ సైడ్‌లో ఒక ఇరుకు వాటాలో జరుగుతుంది: లీనా యంగర్, ఆమె కొడుకు వాల్టర్ లీ, కోడలు రూత్, మనవడు ట్రావిస్, కూతురు బెనీతా. లీనా భర్త పోయాక రావాల్సిన 10,000 డాలర్ల బీమా చెక్కు కోసం ఇల్లంతా ఎదురుచూస్తోంది. ఒకరింట్లో కారు డ్రైవర్‌గా పనిచేసే వాల్టర్‌కి లిక్కర్ షాపులో వాటా కావాలి, బెనీతాకి డాక్టర్ చదువు కావాలి, లీనాకి సొంత ఇల్లు కావాలి. మూడు అంకాలు, మొత్తం ఆరు సీన్లు, అన్నీ అదే ఇంట్లో. మీ క్రిటిక్‌లో నేపథ్యం ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు, సగం ఉన్నా సరిపోతుంది.

ముందు చదవడం

నాటకం మొత్తం ఒకసారి ఆపకుండా చదివేయండి, నోట్స్ ఏమీ రాసుకోకుండా. తర్వాత మీకిచ్చిన సీన్ ఒక్కటే మూడుసార్లు చదవండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి పైకి, వీలైతే ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌తో పాత్రలు పంచుకుని, ఎందుకంటే ఎవరు ఎవరి మాట మధ్యలో తుంచేస్తున్నారో, ఎక్కడ ఇద్దరూ నోరు మూసుకుని ఉండిపోతున్నారో పైకి అంటే తప్ప తెలియదు. మూడోసారి డైలాగులు దాటేసి స్టేజ్ డైరెక్షన్లు, అంటే పాత్రలు ఏం చేస్తున్నాయో చెప్పే బ్రాకెట్లలోని సూచనలు, మాత్రమే చదవండి. ఈ మూడోసారి చదివేవాళ్లు చాలా తక్కువ. చదివారా లేదా అన్నది వాళ్ల రాతలో మొదటి పేరాకే తెలిసిపోతుంది.

మీ పుస్తకం ఏ ఎడిషనో కూడా చూసుకోండి. రెండో అంకం రెండో సీన్‌లో మిసెస్ జాన్సన్ అనే పొరుగావిడ వచ్చే భాగం ఉంది కదా, దాన్ని మొదటి ప్రదర్శనలో తీసేశారు, తర్వాత వచ్చిన కొన్ని ప్రచురణల్లో చేర్చారు. మీ పుస్తకంలో ఆవిడ లేకపోతే పేజీలు చిరిగిపోయాయని కంగారుపడొద్దు. ఏ ఎడిషన్ చదివారో క్రిటిక్ పైనే ఒక ముక్క రాసేస్తే గొడవ ఉండదు.

50 సెంట్ల లెక్క

ఇప్పుడు మొదటి అంకం మొదటి సీన్. శుక్రవారం పొద్దున్నే అలారం మోగుతుంది, రూత్ లేచి ముందుగదిలో పడుకున్న ట్రావిస్‌ని లేపుతుంది. బాత్రూం బయట హాల్లో ఉంది, పక్క వాటావాళ్లతో కలిపి వాడుకోవాలి, కాబట్టి ఖాళీ అయిందో లేదో చూసుకుని పరిగెత్తాలి. వాల్టర్ బయటికి వచ్చీ రాగానే చెక్కు ఇవాళ వస్తుందా అని అడుగుతాడు. శనివారం అన్నారు, ఇవాళ ఇంకా శుక్రవారమే అంటుంది రూత్. ట్రావిస్ బడికి 50 సెంట్లు కావాలంటాడు. లేవంటుంది తల్లి. పిల్లాడికి అలాంటి మాట ఎందుకు చెప్తావని వాల్టర్ ఆమె మీద విసుక్కుని జేబులోంచి 50 సెంట్లు తీసి ఇస్తాడు, ఇచ్చేది కొడుక్కి, చూపు మాత్రం పెళ్లాం మీద. అక్కడితో ఆగడు. ఇంకో 50 సెంట్లు తీసి, పళ్లు కొనుక్కో, లేదంటే టాక్సీలో వెళ్లు అంటాడు. పిల్లాడు సంబరపడిపోతాడు. ఇక చాలాసేపు వేరే గొడవలు నడుస్తాయి, చెల్లెలితో వాదులాట, రూత్‌తో వాదులాట. చివరికి పనికి బయల్దేరిన వాల్టర్ మళ్లీ వెనక్కి వచ్చి రూత్ దగ్గర చార్జీకి డబ్బులు అడుగుతాడు. రూత్ అతన్ని ఒక క్షణం చూసి, మెత్తబడి, ఆటపట్టిస్తూ, 50 సెంట్లా, ఇదిగో, టాక్సీలో వెళ్లు అంటూ ఇస్తుంది.

ఇప్పుడు చేతుల లెక్క చూడండి. వాల్టర్ జేబులో ఉన్నదంతా కొడుకు చేతికి వెళ్లింది, రూత్ పర్సులో లేవన్న డబ్బులు వాల్టర్ చేతికి వచ్చాయి. అంటే రూత్ దగ్గర అసలు లేక కాదు, బడికి ఇవ్వడానికి లేవు, పనికి వెళ్లే మనిషి చార్జీకి ఉన్నాయి. ఇంటి ఖర్చు నడిపే మనిషి లెక్క అది. వాల్టర్ లెక్క వేరు: కొడుకు ముందు చేతకానివాడిగా కనబడకూడదు, దానికి తన చార్జీ డబ్బులు పోయినా సరే. పోయాక ఎవరి ముందైతే గొప్పకి పోయాడో ఆ మనిషినే అడగాల్సి వచ్చింది. ఆమె కూడా దెప్పిపొడవలేదు, అతని మాటే అతనికి తిప్పి ఇచ్చింది, దానిలో వెటకారం ఎంత ఉందో ప్రేమా అంతే ఉంది. ఈ పెళ్లి ఇంకా చావలేదని మనకి తెలిసేది ఇక్కడే. నాటకంలో తర్వాత జరగబోయేదంతా, పెద్ద మొత్తం చేతికొస్తే వాల్టర్ ఏం చేస్తాడన్నది, ఒక డాలర్ సైజులో ముందే చూపించేసింది హాన్స్‌బెరీ.

దీన్ని క్రిటిక్‌లో పెట్టేటప్పుడు "ఈ సీన్ యంగర్ కుటుంబం పేదరికాన్ని చూపిస్తుంది" అని రాస్తే ఏమీ రాయనట్టే. "తన చార్జీ డబ్బుని కొడుకు ముందు ఖర్చుపెట్టి, అదే డబ్బుని భార్య దగ్గర అడగాల్సి రావడంతో వాల్టర్ అహం, రూత్ సహనం రెండూ ఒకే నాణెంతో బయటపడతాయి" అని రాయండి. రెండో వాక్యంతో ఎవరైనా వాదించడానికి వీలుంది, రూత్‌ది సహనం కాదు అలవాటైన అలసట అని ఒకరు అనొచ్చు. వాదించడానికి వీల్లేని వాక్యం మీ క్రిటిక్‌లో ఉంటే అది కథ చెప్పే వాక్యమో, ఊరికే మెచ్చుకునే వాక్యమో అయి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

ఆ సీన్‌లోనే గుడ్ల గొడవ కూడా ఉంది. వాల్టర్ తన ప్లాన్ చెప్పబోయినప్పుడల్లా రూత్ గుడ్లు తినమంటుంది. చాలామంది దీన్ని "భార్య భర్త కలల్ని అర్థం చేసుకోలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఎందుకంటే వాల్టరే అలా అంటాడు. పాత్ర తన గురించి తాను చెప్పుకున్న మాటని మీ అభిప్రాయంగా రాసేయొద్దు. రూత్ ఆ పొద్దున ఒంట్లో బాగోక ఎలా ఉందో, సీన్ చివర్లో ఆమెకి ఏమవుతుందో చూడండి: లీనా కిటికీ దగ్గర మొక్కకి నీళ్లు పోస్తూ మాట్లాడుతూ ఉంటుంది, వెనక్కి తిరిగేసరికి రూత్ నేల మీద పడిపోయి ఉంటుంది. సీన్ అంతా వాల్టర్ గొంతు వినబడింది, కూలిపోయింది మాత్రం రూత్. అది గమనించాక గుడ్ల మాట ఇంకోలా వినిపిస్తుంది.

వస్తువుల్ని వదలొద్దు

సెట్ ఒక్కటే ఉన్న నాటకంలో వస్తువులకి చాలా పని ఉంటుంది. లీనా కిటికీలో సరిగ్గా ఎండ తగలని మొక్క అందరికీ గుర్తుంటుంది, దాని మీద అందరూ రాస్తారు, "ఆశకి ప్రతీక" అని. నేనైతే ప్రతీక అనే మాట మొదటి డ్రాఫ్ట్‌లో వాడకుండా ఉండమంటాను. ముందు ఆ వస్తువుతో ఆ సీన్‌లో ఎవరు ఏం చేశారో రాయండి. మొదటి సీన్‌లో లీనా గదిలోకి వచ్చి తిన్నగా దాని దగ్గరికి వెళ్తుంది, తలుపులు బాదేది ఎవరని ఒక్క మాట అడిగి దాని మట్టి చూసుకుంటుంది. నాటకం చివర్లో సామాను దిగిపోయాక అందరూ వెళ్లిపోతారు, ఆమె కూడా తలుపు వేసి వెళ్లి, మళ్లీ వచ్చి ఆ మొక్క తీసుకుని పోతుంది. ఈ రెండు పనుల మధ్య దూరం ఎంతో చెప్పగలిగితే ప్రతీక అనే మాట లేకుండానే మీరు చెప్పాల్సింది చెప్పినట్టు.

మొదటి అంకం రెండో సీన్‌లో చెక్కు వస్తుంది. ఇల్లు దులుపుతూ, బొద్దింకల మందు కొడుతూ ఉండగా మొదలయ్యే సీన్. చెక్కు వచ్చిందనగానే గోల, సంబరం, అందరూ అరుస్తారు. లీనా కవరు విప్పి కాగితం తీస్తుంది, సున్నాలు సరిగ్గా ఉన్నాయా అని మనవణ్ణి అడుగుతుంది. ఆ తర్వాత ఆమె మొహం మారిపోతుంది. డబ్బు చేతికి వచ్చిన క్షణంలోనే భర్త ఇక లేడన్నది కూడా చేతికి వచ్చింది. ఆ కాగితాన్ని తన కళ్ల ముందు నుంచి తీసి ఎక్కడైనా పెట్టమంటుంది. ఇక్కడ డైలాగ్ చాలా తక్కువ, మీరు డైలాగులు మాత్రమే చదివితే ఈ మలుపు కనబడదు. అదే సీన్‌లో వాల్టర్ తెచ్చిన షాపు కాగితాల వైపు లీనా కన్నెత్తి కూడా చూడదు. రెండు కాగితాలు, ఒకటి చూడలేక పక్కన పెట్టింది, ఇంకొకటి చూడకుండానే తోసేసింది. ఒక్క ఈ పోలిక మీదే మంచి క్రిటిక్ రాయొచ్చు.

మర్యాదగా మాట్లాడే సీన్‌ని ఎలా చదవాలి

అరుపులున్న సీన్ మీద రాయడం తేలిక. కష్టం ఎక్కడంటే అందరూ మర్యాదగా మాట్లాడుకునే సీన్ దగ్గర. రెండో అంకం మూడో సీన్, ఇల్లు మారే రోజు, కార్ల్ లిండ్నర్ వస్తాడు. లీనా అడ్వాన్సు కట్టిన ఇల్లు క్లైబోర్న్ పార్క్‌లో ఉంది, అక్కడుండేవాళ్లంతా తెల్లవాళ్లు, ఆ కాలనీ సంఘం తరఫున ఈయన వచ్చాడు. సూటు, చేతిలో టోపీ, బ్రీఫ్‌కేసు. ఇంట్లోవాళ్లు కూర్చోమంటారు, కుర్చీ బాగుందా లేదా అని కూడా చూస్తారు. ఆయన ఎంతసేపు మాట్లాడినా అసలు విషయానికి రాడు. మనుషులు కూర్చుని మాట్లాడుకోవాలి, ఒకరినొకరు అర్థం చేసుకోవాలి అంటాడు, వాల్టర్ తల ఊపుతూ ఒప్పుకుంటాడు, అనుమానంతో మధ్యలో అడ్డుపడుతున్న చెల్లెల్ని ఆయన్ని మాట్లాడనివ్వమని ఆపుతాడు కూడా.

పెన్సిల్ తీసుకుని ఒక పని చేయండి: లిండ్నర్ మాటల్లో మొదటిసారి ఏ వాక్యంలో మీకు విషయం అర్థమైందో గీత గీయండి. తర్వాత బెనీతాకి ఏ వాక్యంలో అర్థమైందో, రూత్‌కి ఎప్పుడో, వాల్టర్‌కి ఎప్పుడో విడివిడిగా గుర్తుపెట్టండి. నాలుగు గీతలు నాలుగు చోట్ల పడతాయి. ఆ గీతల మధ్య ఉన్న ఖాళీలోనే ఈ సీన్ బలమంతా ఉంది, ప్రేక్షకుడికి తెలిసిపోయింది, వాల్టర్‌కి ఇంకా తెలియలేదు, మనం కుర్చీలో ఇబ్బందిగా కదులుతాం. జాతి వివక్షకి ఇందులో చోటే లేదని లిండ్నర్ తన నోటితోనే అంటాడు, ఆ కాసేపటికే, లాభం ఇచ్చి మరీ ఆ ఇల్లు మీ దగ్గర కొనేస్తాం అంటాడు. వాల్టర్ బయటికి పొమ్మంటాడు.

ఇక్కడ చరిత్ర తెలిస్తే సీన్ ఇంకా బాగా విప్పుకుంటుంది. హాన్స్‌బెరీ తండ్రి 1937లో చికాగోలో తెల్లవాళ్ల ప్రాంతంలో ఇల్లు కొన్నాడు, నల్లవాళ్లకి అమ్మకూడదన్న ఒప్పందం ఉందని కోర్టుకి లాగారు, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1940లో ఆయనకి అనుకూలంగా తేలింది. అయితే ఆ తీర్పు అలాంటి ఒప్పందాలే చెల్లవని చెప్పలేదు. కోర్టులు వాటిని అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో, వేరే కేసులో. నాకనిపించేది ఏమిటంటే లిండ్నర్ కోర్టు కాగితంతో కాకుండా కొనుగోలు బేరంతో, చిరునవ్వుతో రావడానికి కారణం అదే, బెదిరించే చట్టం చేజారింది కాబట్టి డబ్బు పట్టుకొచ్చాడు. ఇలాంటి చరిత్ర మీ క్రిటిక్‌లో రెండు మూడు వాక్యాలు మించకూడదు, అదీ సీన్‌లో ఒక ఫలానా చేష్టని వివరించడానికి పనికొస్తేనే. రచయిత్రి తండ్రి కేసు గురించి పేజీ రాసి, లిండ్నర్ టోపీ గురించి ఒక్క ముక్క రాయకపోతే అది చరిత్ర పరీక్ష అవుతుంది.

సీన్‌లో ఈ భాగం అయ్యేసరికి ఎవరి చేతిలో ఏం మిగిలిందో చూడండి. లిండ్నర్ వెళ్తూ వెళ్తూ తన కార్డు బల్ల మీద పెట్టి పోతాడు. తర్వాత లీనా దాన్ని చదివి నేల మీద పడేస్తుంది, ఎవరూ చింపెయ్యరు. ఆ తర్వాత అదే సీన్‌లో వాల్టర్ షాపు భాగస్వామి బోబో వచ్చి, ఇంకో భాగస్వామి విల్లీ హారిస్ షాపు కోసం వాల్టర్ ఇచ్చిన డబ్బు మొత్తం తీసుకుని పారిపోయాడని చెప్తాడు. మూడో అంకంలో లిండ్నర్‌ని పిలిచి ఆ బేరానికి ఒప్పుకోవడానికి వాల్టర్ వెతుక్కుని జేబులో పెట్టుకునేది ఆ కార్డే. గెలిచిన సీన్‌లోనే ఓడిపోయే దారి కూడా ఆ గదిలోనే మిగిలి ఉంది. నేను ఈ నాటకంలో అన్నిటికన్నా ఎక్కువ ఇష్టపడే పని ఇది.

నచ్చలేదని చెప్పడం కూడా క్రిటికే

క్లాసిక్ అనగానే విద్యార్థులు భయపడి పొగడడం మొదలుపెడతారు. ఆ సీన్‌లో మీకు అతకనిది ఏదైనా ఉంటే తప్పకుండా రాయండి, కాకపోతే ఎక్కడ అతకలేదో వేలు పెట్టి చూపించాలి. రెండో అంకం రెండో సీన్ తీసుకోండి. లీనా ఇంటికి 3,500 డాలర్లు కట్టేసింది, 6,500 మిగిలాయి. వాల్టర్ మూడు రోజులుగా పనికి వెళ్లట్లేదని తెలిసి, అతను కుంగిపోవడం చూసి, ఆ మిగిలిన డబ్బు అతని ముందు పెడుతుంది: 3,000 బెనీతా చదువుకి బ్యాంకులో వేయి, మిగతాది నీ పేరు మీద పెట్టుకో, ఇక ఇంటికి పెద్ద నువ్వే అంటుంది. లెక్క వేస్తే వాల్టర్ వాటా 3,500, ఇంటికి ఎంత కట్టిందో సరిగ్గా అంతే. ఇది కావాలని చేసిందని రుజువు చేయలేం, కానీ ఇంటికీ కొడుక్కీ ఒకే తూకం వేసిందని మీరు వాదించొచ్చు, ఆధారం అంకెల్లోనే ఉంది.

ఇదే సీన్‌లో తర్వాత వాల్టర్ కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని భవిష్యత్తు గురించి పెద్దగా మాట్లాడతాడు, ఆఫీసు, కారు, తోటమాలి, కాలేజీలు. కొందరికి ఇది అతిగా, ఉపన్యాసంలా అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. పిల్లాడు మధ్యమధ్యలో అడిగే చిన్న ప్రశ్నలు ఆ ఉపన్యాసాన్ని నేల మీద ఉంచుతాయి. పైగా పెద్ద పెత్తనం ఇప్పుడే చేతికొచ్చిన మనిషి దాన్ని వెంటనే కొడుక్కి ఇచ్చేయాలని చూడటం మొదటి సీన్‌లోని ఆ రెండో 50 సెంట్ల లాంటి పనే. మీరు కాదనాలంటే ఏ వాక్యం దగ్గర నమ్మకం పోయిందో చూపించి కాదనండి.

మిసెస్ జాన్సన్ భాగం మీద మాత్రం నా అభిప్రాయం గట్టిగానే ఉంది: అది ఉండాలి. నవ్వించే పొరుగావిడగా వచ్చి, తెల్లవాళ్ల ప్రాంతంలో నల్లవాళ్ల ఇంటి మీద బాంబు పడ్డ వార్త ఉన్న పేపరు చేత్తో పట్టుకొస్తుంది. ఆ వార్త విన్న ప్రేక్షకుడికి తర్వాతి సీన్‌లో లిండ్నర్ చిరునవ్వు వేరేగా కనిపిస్తుంది. అది తీసేస్తే లిండ్నర్ కాస్త చాదస్తపు మనిషిలా మిగిలిపోయే ప్రమాదం ఉంది, కుటుంబం వెళ్లబోయేది ఎంత ప్రమాదంలోకో తెలియక నాటకం చివర సుఖాంతంలా అనిపిస్తుంది. నిడివి పెరుగుతుందన్నది నిజమే, సీన్ ఊపు కాసేపు తగ్గుతుందన్నదీ నిజమే. ఇలా ఒకే సీన్ రెండు రూపాల్లో దొరికినప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం కన్నా మంచి అభ్యాసం లేదు.

మూడో అంకంలో వాల్టర్ మనసు మారడం గురించి క్లాసుల్లో ఎప్పుడూ వాదన వస్తుంది, మరీ హఠాత్తుగా మారాడని. రాసే ముందు ఒక్కటి చూడండి. లిండ్నర్ ముందు డబ్బు కోసం ఎలా వంగి మాట్లాడతాడో వాల్టర్ మోకాళ్ల మీద పడి అందరికీ చేసి చూపిస్తాడు. తర్వాత లిండ్నర్ నిజంగా వచ్చినప్పుడు రూత్ కొడుకుని కిందికి పొమ్మంటే లీనా వద్దంటుంది, వాడిని ఇక్కడే ఉండనివ్వు, నువ్వు చేసేది వాడికి అర్థమయ్యేలా చేయి అని వాల్టర్‌కి చెప్తుంది. అంటే మొదటి సీన్‌లో 50 సెంట్లు ఎవరి ముందు లేవనలేకపోయాడో ఆ పిల్లాడి ముందే ఇప్పుడు తనని తాను అమ్ముకోవాలి. అది చేయలేక మాట తిరగబడుతుంది, తడబడుతూ తండ్రి గురించి, ఆ ఇల్లు ఆయన కష్టమని, వెళ్లి తీరతామని చెప్తాడు. ఇది చాలదు, ఇంకా సమయం కావాలి అని మీరు అనొచ్చు, కానీ లీనా మాటని లెక్కలోకి తీసుకున్నాకే అనాలి.

రాయడానికి కూర్చున్నాక

మొదటి వాక్యంలోనే సీన్‌లోకి దిగండి. "లొరెయిన్ హాన్స్‌బెరీ ప్రఖ్యాత అమెరికన్ నాటక రచయిత్రి" అని మొదలుపెడితే ఒక పేరా వృథా. అంకం, సీన్ నంబరు, ఏ చేతి నుంచి ఏ చేతికి ఏం మారిందని మీరనుకుంటున్నారో, ఇవి మొదటి రెండు వాక్యాల్లో వచ్చేయాలి. ఆ తర్వాత సీన్‌ని వరసగా చెప్పుకుంటూ పోవద్దు, చదివేవాళ్లకి సీన్ తెలుసు. మలుపు ఎక్కడుందో దాని దగ్గరే మొదలుపెట్టి, దానికి ముందు ఏం పేర్చి ఉంచిందో వెనక్కి వెళ్లి చూపించండి. డైలాగులు ఎత్తి రాసేటప్పుడు పొడుగ్గా వద్దు, ఒకటి రెండు లైన్లు చాలు, కానీ ఎత్తి రాసిన ప్రతి లైనుకీ దాని కన్నా ఎక్కువ మీ సొంత మాట ఉండాలి. ఎవరూ మాట్లాడని క్షణం మీద కనీసం ఒక్క పేరా రాయండి, ఈ నాటకంలో అలాంటివి చాలా ఉన్నాయి.

సినిమా చూడాలనిపిస్తే రాయడం అయ్యాక చూడండి. 1961లో వచ్చింది, స్క్రీన్‌ప్లే హాన్స్‌బెరీదే, వాల్టర్‌గా సిడ్నీ పోయిటియర్‌తో సహా రంగస్థలం మీద నటించినవాళ్లు చాలామంది అందులోనూ ఉన్నారు. చాలా మంచి నటన, అందుకే ముందే చూస్తే పోయిటియర్ గొంతు మీ చెవుల్లో పడిపోయి పుస్తకంలోని వాల్టర్ వినబడడు. పైగా సినిమా ఇంట్లోంచి బయటికి కూడా వెళ్తుంది, నాటకంలో లేని చోటు ఒకటి మీ క్రిటిక్‌లోకి దూరిపోతే పరువు పోతుంది.

క్లాసులో ఒకరి క్రిటిక్ ఇంకొకరు చదివి మాట్లాడాల్సి వస్తే "బాగా రాశావు" అనకండి, "ఒప్పుకోను" అని ఊరుకోకండి. వాళ్లు వదిలేసిన ఒక లైనో, ఒక స్టేజ్ డైరెక్షనో చూపించి, దీన్ని కలుపుకుంటే నువ్వు చెప్పింది నిలుస్తుందా అని అడగండి. అడిగించుకున్నవాళ్లకి టెన్షన్‌గానే ఉంటుంది కానీ తర్వాతి డ్రాఫ్ట్ దానివల్లే బాగుపడుతుంది. ఆరుగురికి ఆరు సీన్లు వచ్చి ఉంటే ఇంకా మంచిది, ఒక సీన్ చివర్లో చేతిలో ఉన్నదే తర్వాతి సీన్ మొదట్లో ఉందా లేదా అని ఇద్దరిద్దరు కూర్చుని సరిచూసుకోవచ్చు. మొదటి అంకం చివర్లో లీనా తన టోపీ అందించమని అడిగి బయటికి వెళ్తుంది, రెండో అంకం మొదటి సీన్‌లో తిరిగి వచ్చేసరికి ఇల్లు కొనేసి ఉంటుంది. మధ్యలో ఆమె ఏం ఆలోచించిందో స్టేజ్ మీద లేదు. ఆ రెండు సీన్లు వచ్చినవాళ్లు దాని గురించి తప్పకుండా మాట్లాడుకోవాలి.

ఆఖర్లో మీ డ్రాఫ్ట్ తీసి, కథ చెప్తున్న ప్రతి వాక్యం కిందా గీత గీయండి. సగం కన్నా ఎక్కువ గీతలు పడితే వాటిలో సగం కొట్టేయండి, ఖాళీ అయిన చోట మళ్లీ సీన్‌లోకి వెళ్లి స్టేజ్ డైరెక్షన్లు చదవండి, అక్కడ మీరు ఇంకా వాడుకోనిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది.